ఆరు వరసలకు నీళ్ళు, నాలుగు వరసలకు పూలు

ఉద్యాన శాఖలో కొత్తగా చేరినవాళ్ళు ఇద్దరు ఈ మధ్య వట్లూరులో మా ఇంటికొచ్చి, "మీ అనుభవాలు కాగితం మీద పెట్టండి సార్, మాకు పనికొస్తాయి" అన్నారు. యాభై మూడో ఏట స్వచ్ఛందంగా ఉద్యోగం మానేసి, అప్పట్నుంచీ ఎవరైనా ఈ మాట అడుగుతారేమోనని వీధిగుమ్మంలో కూర్చున్న మనిషిని నేను. వాళ్ళు మంచినీళ్ళు తాగి గ్లాసు కింద పెట్టేలోపు మూడు పేజీలు రాసేశాను.

ప్రమోషన్లు, బదిలీలు, మెమోలు ఇందులో ఉండవు. అవి అందరికీ వచ్చేవే. అత్తిలిలో కొబ్బరి చూశాను, తాడేపల్లిగూడెం చుట్టుపక్కల జామ, నిమ్మ చూశాను. సుమారు ముప్ఫై లక్షల చెట్లతో నాకు ముఖపరిచయం ఉంది. అందులో సగం నన్ను చూస్తే ఇప్పటికీ మొహం తిప్పుకుంటాయి. వాటన్నిటినీ పక్కనపెట్టి పది సెంట్ల నేల సంగతి ఒక్కటే చెబుతాను. ఈ ఉద్యోగం ఏమిటో నాకు అక్కడ తెలిసింది. తెలిసేసరికి సర్వీసు పాతికేళ్ళు దాటిపోయింది.

ఏ పీచు

చలి ప్రాంతాల్లో పండే పీచ్ పండును మన డెల్టాలో, పాలీహౌస్‌లో, మొక్కకు మొక్క ఆనేంత దగ్గరగా పెంచి చూద్దామని పై ఆఫీసులో ఎవరికో బుద్ధి పుట్టింది. మామూలు తోటలో పదహారు చెట్లు పట్టే పది సెంట్లలో రెండు వందల చెట్లు. పది వరసలు, వరసకు ఇరవై. కొమ్మల్ని అటూ ఇటూ పోనివ్వకుండా తీగలకు కట్టి, పెళ్ళి ఫొటోలో బంధువుల్లా భుజాలు కలిపి నిలబెట్టాలి. ఒక వరస పీచ్ అయితే పక్క వరస నెక్టరిన్. పీచ్ పండు మీద నూగు ఉంటుంది, నెక్టరిన్ నున్నగా ఉంటుంది, తేడా అంతే.

ఈ ప్రయోగానికి నేల ఇస్తానని ముందుకొచ్చిన మనిషి మా పరిధిలో ఒక్కరే. పేరు రత్నకుమారి. ఉంగుటూరు దాటి కొల్లేరు వైపు దిగే దారిలో ఆమె ఊరు. అంగన్‌వాడీ టీచరు. భర్త పోయి నాలుగేళ్ళు. అత్తగారు సుగుణమ్మ గారు ఆమె దగ్గరే ఉంటారు. భర్త వాటాగా వచ్చిన అరెకరం మీద, ఇంటి వెనకే పాలీహౌస్ వేశాం. ఊళ్ళోవాళ్ళు దాన్ని 'కవరిల్లు' అన్నారు. మే నెలలో ఆ కవరిల్లు లోపల ఎంత వేడి అంటే, నేను పెట్టిన థర్మామీటరు రెండో రోజుకే సెలవు చీటీ రాసింది. పక్క తెరలు పైకి చుట్టి, కప్పు మీద షేడ్ నెట్ పరిచాక కాస్త మనుషుల్లో పడింది.

మొక్కల కోసం ఇండెంటు నేనే రాశాను. భాషాభిమానం కొద్దీ తెలుగులో రాశాను. 'పీచు - రెండు వందలు.' వారం తిరక్కుండా కోనసీమ నుంచి లారీ వచ్చింది. దాని మీద కొబ్బరి పీచూ పొట్టూ కలిసిన బస్తాలు రెండు వందలు. ఆ లోడు ఎత్తుకి దారిలో ఒక్క కరెంటు తీగ కూడా మిగల్లేదని తర్వాత విన్నాను.

"సరుకు దించేశామండీ. సంతకం ఎవరు పెడతారండీ?" అన్నాడు డ్రైవరు.

నేను పెట్టలేదు. మా పై ఆఫీసరు, ఏడీ జోగారావు గారికి ఫోన్ చేశాను. ఆయన అరుస్తారని చెవికి ఫోన్ దూరంగా పట్టుకున్నాను. ఆయన అరవలేదు, బండేసుకుని వచ్చారు. బస్తాల వంక చూడలేదు. గునపం అడిగి తీసుకుని పాలీహౌస్‌లో మూరెడు లోతు తవ్వారు. అడుగున నీళ్ళు ఊరాయి.

"మొక్కలు ఎక్కడ పెడదామనుకుంటున్నారండీ?"

"నేలలోనే సార్."

"ఇది నేలండీ? మూత పెట్టిన చెరువు. నాలుగు వైపులా వరి. కాలవ వదిలితే వేళ్ళు కుళ్ళి చస్తాయి. ఆ పీచునే కడిగి సంచుల్లో నింపండి, అందులో నాటండి." గునపం నా చేతికిచ్చారు. "మీ సర్వీసులో పనికొచ్చే పొరపాటు ఇదొక్కటేనండీ. పారేసుకోకండి."

ఆయన మాటకు నొచ్చుకున్నాను గానీ, ఆయన దగ్గర ఒకటి నేర్చుకున్నాను. తప్పు చేసినవాణ్ణి తిట్టడానికి టైం ఎప్పుడైనా ఉంటుంది. ముందు గునపం తియ్యాలి.

ఆకుల కాపు

అసలు మొక్కలు ఉత్తరాది నర్సరీ నుంచి నెల తర్వాత వచ్చాయి. పీచు సంచుల్లో పెట్టాం. సన్న గొట్టాలతో చుక్క చుక్కగా నీళ్ళు. మొదటి ఏడాది ఏపుగా ఎదిగాయి. రెండో ఏడాది మరీ ఎదిగాయి. కాపు మాత్రం ఆకులే. నేను కొలతల టేపు పట్టుకుని లోపలికి వెళ్ళి దారి తప్పి, రత్నకుమారి గారు పేరు పెట్టి పిలిస్తే ఆ గొంతు పట్టుకుని బయటికొచ్చిన రోజులున్నాయి.

"పూత ఎప్పుడండీ?" అని ఆమె అడిగేది.

"వస్తుందండీ" అనేవాణ్ణి.

నాకు తెలియదు. కొండ ప్రాంతాల వాళ్ళు రాసిన షెడ్యూలు నా దగ్గర ఉంది, దాన్నే తు.చ. తప్పకుండా పాటించాను. ఆ చెట్టుకు ఏడాదికోసారి నిద్ర కావాలి. చలికి ఆకులు రాల్చి కొన్నాళ్ళు పడుకుంటేనే లేచాక పూస్తుంది. చలి తక్కువైనా సరిపోయే రకాలే తెచ్చాం గానీ, మన ఊళ్ళో డిసెంబరు చలి వాటికి విసనకర్ర గాలి. రెండేళ్ళు ఆ చెట్లు కన్ను మూయలేదు. నేను మాత్రం హాయిగా నిద్రపోయాను. తెలియనప్పుడు తెలియదని చెప్పకపోవడం మన శాఖలో పాత జబ్బు. నాకు చేరిన రోజునే పట్టుకుంది.

ఈలోగా బయట సంగతి ముదిరింది. రత్నకుమారి గారి అరెకరానికి చుట్టూ ఉన్నది మరిది డేవిడ్రాజుది. చుట్టుపక్కల అందరిలాగే అతనూ చేపల చెరువు తవ్వుదామనుకున్నాడు. నడిమధ్యన వదినగారి ముక్క ఉంటే గట్టు కుదరదు. అతను చెడ్డవాడని రాస్తే కథ రంజుగా ఉంటుంది గానీ, కాదు. రెండు పంటలు వరసగా మునిగి, ఇక వరి నమ్మలేనన్నాడు. వదిన వాటాకి చెరువులో భాగం రాసిస్తానన్నాడు.

ఆమెకు భాగం అక్కర్లేదు. ఒకసారి నాతో అంది, "సాయంత్రం అంగన్‌వాడీ సెంటరు నుంచొచ్చి నిలబడ్డానికి నాకంటూ ఉన్న నేల ఇదొక్కటేనండీ. చెరువైపోతే గట్టు మీద నిలబడాలి. అదీ మరిదిగారి గట్టు."

చర్చి సంఘపెద్దల ముందు మాట అయింది. మూడో ఏడు ఏప్రిల్‌లో, ఉన్న చెట్లలో సగమైనా కాయలతో కనబడాలి. లేకపోతే ఆమె నేల ఇచ్చెయ్యాలి. ఒకసారి తవ్వాక ఆ మట్టి మళ్ళీ వెనక్కి రాదు. ఆమె ఒప్పుకుంది. నా 'వస్తుందండీ'ని నమ్మి ఒప్పుకుంది.

దాహం

అప్పుడు గానీ నాకు భయం పుట్టలేదు. వెచ్చటి దేశాల్లో పీచ్ పెంచేవాళ్ళ సంగతులు వెతికాను. పాత సహోద్యోగుల్ని ఫోన్లలో పీక్కు తిన్నాను. తేలింది ఇది. చలి లేనిచోట చెట్టును దాహంతో నిద్రపుచ్చవచ్చు. తుఫాన్లు వెనకపట్టాక మూడు వారాలు నీళ్ళు బిగబట్టి, తర్వాత ఆకులన్నీ చేత్తో దూసెయ్యాలి. చెట్టు శీతాకాలం వచ్చి వెళ్ళిందని మోసపోతుంది. మొక్కలు నేలలో ఉంటే ఇది మన డెల్టాలో జరిగే పని కాదు. పీచు సంచుల్లో ఉండబట్టి కుదురుతుంది.

నవంబరు ఆఖర్న వెళ్ళి వాల్వు కట్టేశాను. రత్నకుమారి గారు విని, నోట్‌బుక్కులో తేదీ వేసుకుంది. సుగుణమ్మ గారు గుమ్మంలో కుర్చీ మీద ఉన్నారు. ఎనభై దాటిన మనిషి. ఆవిడ చేతి కాఫీ ఎంత చిక్కన అంటే, చెంచా గ్లాసులో నిటారుగా నిలబడేది.

"ఏవండీ ఆఫీసరు గారూ, ఆ చెట్లేం పాపం చేశాయండీ?"

"పాపం ఏం లేదు మామ్మగారూ. అవి కాస్త నిద్రపోవాలి."

"గొంతెండిపోతుంటే ఎవరికి నిద్ర పడుతుందండీ?"

నవ్వేశాను. నా సర్వీసు మొత్తంలో నేను జవాబు చెప్పాల్సిన ప్రశ్న అదొక్కటే. నవ్వి బండెక్కాను.

డిసెంబరు నడిమికి ఆకులు దూశాం. నలుగురు ఆడవాళ్ళు, నేను, రత్నకుమారి గారు. రెండు వందల చెట్ల ఆకులు ఎన్ని కోట్లో లెక్క తేలక వదిలేశాను. అది అయ్యాక మళ్ళీ వాల్వు విప్పాను. క్రిస్మస్‌కి ఆ ఇంటి మీద నక్షత్రం వెలుగుతోంది, వెనక కవరిల్లు నిండా మోడులు. డేవిడ్రాజు కేకు పట్టుకుని వచ్చి, ఆ మోడుల్ని చూసి, "వదినా, చంపేశారా?" అన్నాడు. ఆమె కేకు అందుకుని లోపలికి వెళ్ళింది.

నా తప్పు

జనవరి మూడో వారంలో రత్నకుమారి గారి ఫోన్ వచ్చింది. "రండి సార్" అని పెట్టేసింది. గొంతులో ఏముందో తెలియలేదు.

వెళ్ళి చూస్తే, వెనక నాలుగు వరసలు నిండా గులాబీ రంగు పూత. ఒక్క ఆకు లేదు, అంతా పువ్వే. పాతికేళ్ళు చెట్లతో కాపురం చేసినవాణ్ణి, తలుపు పట్టుకుని నిలబడిపోయాను. మరి ముందు ఆరు వరసలు? నవనవలాడే లేత ఆకులు. వెతికితే ఒక్క పువ్వు లేదు.

నాకు మండిపోయింది. పూత లేకుండా ఆకులే రావాలంటే, ఆపిన ఆ మూడు వారాల్లో నీళ్ళు అంది ఉండాలి. "మధ్యలో వాల్వు విప్పారా?" అన్నాను.

"లేదండీ. నేను ముట్టుకోలేదండీ."

"మీకు జాలేసి ఉంటుంది. చెప్పండి, ఫర్వాలేదు."

"ప్రభువు తోడండీ, నేను ముట్టుకోలేదు."

నేను నమ్మలేదు. నమ్మకపోతే పోయింది, అక్కడితో ఆగలేదు. గట్టు మీద డేవిడ్రాజు ఎదురుపడి ఎలా ఉందని అడిగితే, "నీళ్ళు ఆపడం మీ వదినగారి వల్ల కాలేదండీ" అన్నాను. ఆఫీసుకెళ్ళి రిపోర్టులో 'రైతు అశ్రద్ధ' అని కూడా రాశాను. చదవబోయే పిల్లలూ, ఆ రెండు మాటలు మన శాఖలో రబ్బరు స్టాంపు కన్నా ఎక్కువ వాడతాం. నేను వాడినవి చేటకెత్తి చెరిగితే తాడేపల్లిగూడెం గోడౌన్లు చాలవు. ఆ రోజు నుంచీ ఊళ్ళో అదే మాట. ఆఫీసరు గారే అన్నారట, ఆవిడకి చేతకాలేదట.

ఆమె నన్ను ఒక్క మాట అనలేదు. కోడి ఈకలతో పువ్వు పువ్వునూ తాకించి పుప్పొడి పట్టించింది, కవరిల్లులోకి తేనెటీగలు రావు కాబట్టి. కాయ కట్టాక, మూడింట రెండు కాయలు తుంచి పారెయ్యమన్నాను, మిగిలినవి ఎదగాలంటే తప్పదు.

"లెక్క చూపించాల్సిన ఏడాదండీ ఇది" అంది.

"వాళ్ళు చూసేది చెట్ల లెక్క, కాయల లెక్క కాదు."

ఆమె పెదవి బిగబట్టి తుంచింది. నేలన పడ్డ ప్రతి కాయకీ నా వంక ఒక చూపు. నాకు ఆ చూపులు చాలానే జమపడ్డాయి.

ఏప్రిల్ ఆదివారం

ఆరాధన అయ్యాక పాస్టరు గారు, ఇద్దరు పెద్దలు కవరిల్లుకి వచ్చారు. నన్నూ రమ్మన్నారు. అవతల డేవిడ్రాజు చేలో పొక్లెయిను అప్పటికే వచ్చి ఉంది. దాని డ్రైవరు నీడలో కూర్చుని పుచ్చకాయ తింటున్నాడు.

వెనక నాలుగు వరసల్లో ఎనభై చెట్లు. ఎర్రబారిన పీచ్‌లు, నెక్టరిన్‌లు. పాస్టరు గారు ఒకటి కొరికితే రసం చొక్కా మీద కారి, కొల్లేరుకి కొత్తగా ఒక పాయ వచ్చినంత పనయింది. పండు సంగతిలో ఎవరికీ పేచీ లేదు. కానీ మాట వంద చెట్లకి. ఎనభై వందకి సరిపోవు.

"రత్నం" అన్నారు పాస్టరు గారు మెల్లిగా, "ఆ ఆరు వరసలు ఏమయ్యాయమ్మా?"

ఆమె నా వైపు చూసింది. నేను నా చెప్పుల వైపు చూశాను.

"ఏముందండీ" అన్నాడు డేవిడ్రాజు, గొంతు పెంచకుండానే. "ఆఫీసరు గారే చెప్పారు కదండీ. వదిన నీళ్ళు ఆపలేకపోయింది. వచ్చే ఏడూ అంతే. పండు బాగుంది, కాదనను గానీ మాట మాటే కదండీ."

సుగుణమ్మ గారు కర్ర పట్టుకుని లోపలికొచ్చారు. "నీళ్ళు పోసింది నేనేరా" అన్నారు.

డేవిడ్రాజు వెనక్కి తిరిగాడు.

"దాని మీద ఎందుకేస్తారు? అది పొద్దున తొమ్మిదింటికి పిల్లల దగ్గరికి పోతుంది. నేను బకెట్టూ చెంబూ పట్టుకుని వచ్చేదాన్ని. రోజుకి రెండు వరసలు. మూడు రోజులకి ఒక చుట్టు."

"ఎందుకత్తయ్యా?" అంది రత్నకుమారి. ఆమెకూ అప్పుడే తెలిసింది.

"మీ మావయ్య పోయే ముందు నీళ్ళు నీళ్ళు అన్నాడు. డాక్టరు గారు ఇవ్వద్దన్నారు, నేను ఇవ్వలేదు. వీటికైనా ఇద్దామనుకున్నానమ్మా."

డేవిడ్రాజు తల దించుకున్నాడు. "మరి ఆ నాలుగు వరసలకి ఎందుకు పొయ్యలేదమ్మా?" అన్నాడు.

ఆవిడ కర్రతో చూపించారు. ఆరో వరస తర్వాత తీగ స్తంభాలకు అడ్డంగా కట్టిన ఇనప పైపు ఉంది. మోకాలి ఎత్తు. "అది దాటలేకపోయానురా. కాలు లేవలేదు. లేస్తే వాటికీ పోసేదాన్ని, పాపం అవతల నిలబడి చూసేవి."

నేను పైపు వంక చూశాను. ఇవతల నీళ్ళు తాగిన చెట్లు, అవతల తాగనివి. పరిశోధన కేంద్రంలో పదిమంది పీహెచ్‌డీలు మూడేళ్ళు కూర్చున్నా ఇంత శుభ్రంగా పోల్చి చూపించలేరు. ఆ ముసలావిడ లేవని మోకాలు ఆ పని చేసిపెట్టింది. జనవరిలో ఒక్కసారి, "లోపలికి ఇంకెవరొస్తారండీ?" అని అడిగి ఉంటే నాకూ కనబడేది.

గొంతు సవరించుకున్నాను. "అయ్యగారూ, రత్నకుమారి గారు నా మాట అక్షరాలా పాటించారు. అశ్రద్ధ అని నేనన్నది తప్పు. కాగితం మీదా తప్పే రాశాను, దిద్దుతాను. నీళ్ళు తగలని ప్రతి చెట్టూ కాసింది. వచ్చే ఏడు అన్నీ కాస్తాయా అంటే ఒట్టేసి చెప్పలేను. నాకు తెలియదు. కాయకపోతే మాత్రం ఆవిడ తప్పు కాదు."

'నాకు తెలియదు' అన్న మాట ఒక రైతు ముందు నేను అనడం అదే మొదలు. ఆకాశం విరిగి పడుతుందేమోనని కాసేపు చూశాను. పడలేదు.

పెద్దలు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. లెక్క ప్రకారం డేవిడ్రాజుదే పైచెయ్యి, నిర్ణయం అతనిదేనన్నారు. సుగుణమ్మ గారు ఒక నెక్టరిన్ కోసి కొడుకు చేతిలో పెట్టారు.

"ఇదేంటమ్మా, నున్నగా ఉంది?"

"గెడ్డం గీసుకున్న రకంరా. తిను."

తిన్నాడు. టెంక జేబులో వేసుకున్నాడు, ఎందుకో తెలియదు. "వదినా, వచ్చే ఏడు నీళ్ళు ఆపే ఆ మూడు వారాలూ అమ్మని మా ఇంట్లో ఉంచుతాను" అన్నాడు.

"నేను రాను" అన్నారు సుగుణమ్మ గారు.

"అయితే తాళం వేసుకోండి వదినా."

అంతే, బయటికి నడిచాడు. మేమంతా వెనకాలే వెళ్ళాం. అతను పొక్లెయిను డ్రైవర్ని లేపాడు. వదినగారి ముక్కని కూడా కలిపి అనుకున్న చెరువు, ఇప్పుడు దాన్ని వదిలేసి రెండు వైపులకే అన్నాడు. వదినగారి నేల పక్కన ఊట రాకుండా గట్టి గట్టు వదలాలన్నాడు. చెప్పు విప్పి, మడమతో మట్టిలో గీత గీసుకుంటూ వెళ్ళాడు.

"ఇక్కడి దాకానే. ఈ గీత దాటి బకెట్టు ఇవతలికి రాకూడదండీ."

సుగుణమ్మ గారు కర్ర ఆనించుకుని గుమ్మంలో నిలబడి చూస్తున్నారు. "ఇంకాస్త అవతలికి గియ్యరా, చెట్లకి గాలాడాలి" అన్నారు.

అతను ఆ గీతని కాలితో చెరిపేసి, రెండడుగులు వెనక్కి జరిగి మళ్ళీ గీశాడు.